ఆవుకి పోతున్న తీపి

బస్సు నన్ను పాల క్యాన్లు పెట్టే చెక్క అరుగు దగ్గర దించి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి హాపలా అనే ఊరికి నాలుగు కిలోమీటర్ల కంకర దారి. జూన్ మొదటి వారం. అడవి అంచున చెట్లు తెల్లపూలు రాలుస్తున్నాయి. సగం దూరం నడిచానో లేదో, మలుపులో ఒక చిన్న ఊరేగింపు కనిపించింది. ముందు రబ్బరు బూట్లేసుకున్న ఒకావిడ చేతిబండి తోస్తోంది. బండిలో రెండు పాల క్యాన్లు, మూతల సందుల్లోంచి మొలక ధాన్యపు వాసనతో ఆవిరి. వెనకాల పది అడుగుల దూరంలో, తెగిన పలుపు ఈడ్చుకుంటూ, పెళ్ళివారి వెంట పడ్డ చుట్టంలా ఒక ఎర్రావు.

"వెనక్కి పో, దెయ్యమా!" అంటోంది ఆమె తల తిప్పకుండానే. ఆవు వినిపించుకోలేదు.

నేను దారి పక్కకి జరిగాను. ఆమె బండి ఆపింది. ఆవూ ఆగింది.

"నువ్వా," అంది. "బతికే ఉన్నావన్నమాట."

"ఈ ఏటికి."

"చలికాలమంతా ఎక్కడ తిరిగావ్?"

"ఎండ ఉన్న చోట."

"మొహం చూస్తే తెలుస్తోందిలే. సరే, ఆ పిడి పట్టుకో. దీన్ని నేను తోలుకొస్తా. మూడు నెల్లుగా ఇదే తంతు. నేను సహ్తి బీరు తీసిన రోజున కంచె తెంపుకునైనా వచ్చేస్తుంది. దీని యజమాని తోయ్మికి చెప్తే నవ్వుతాడు."

ఆమె పేరు హిల్యా. అప్పటికి అరవై ఒకటి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. 'పరీక్షలమ్మ' అంటే అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె పని పాలు పరీక్షించడం. సైకిలు వెనక చెక్కపెట్టె, అందులో గాజు సీసాలు, ఆమ్లం బుడ్డి. సాయంత్రం ఒక ఇంటికి చేరి ఆ పూట పాలు చూసి, అక్కడే పడుకుని, తెల్లారి పాలు కూడా చూసి, ఎవరి ఆవు ఎంత ఇచ్చింది, అందులో వెన్న ఎంత అని రాసి, పక్క ఇంటికి పోవాలి. ఆమ్లం చిందీ చిందీ ఆమె పాత గౌన్ల అంచులన్నీ సూదితో పొడిచినట్టు చిల్లులు. ఏడాదిలో మూడు వందల రాత్రులు పరాయి ఇళ్ళలో పరాయి దుప్పట్ల కింద నిద్రపోయిన మనిషి. ఎవరింట్లోనూ ఆమె అతిథి కాదు, అలాగని ఇంటి మనిషీ కాదు. పైగా ఎవరి పాలు పలచనో మొహం మీదే చెప్పే ఉద్యోగం. అలాంటి మనిషికి కాఫీ పోస్తారు, బల్ల దగ్గర కుర్చీ వేస్తారు. కబుర్లు మాత్రం ఆమె లేచి వెళ్ళాకే మొదలుపెడతారు.

పోయిన శరదృతువులో ఆమె మేనత్త సైమా చనిపోయింది. ఇల్లు హిల్యాకి వచ్చింది. తనది అని చెప్పుకోగల తాళంచెవి జీవితంలో మొదటిసారి ఆమె చేతికొచ్చింది. ఇంటితో పాటు సైమా దోనె కూడా వచ్చింది, ఒక షరతు మీద.

ఆ దోనె గురించి చెప్పాలి. మనిషి పొడవున్న ఆస్పెన్ మాను రెండుగా చీల్చి, లోపల తొలిచి చేసింది. ఒక కొసన కన్నం, దానికి కొయ్య బిరడా. పక్కన 1841 అని చెక్కి ఉంటుంది. అడుగున జునిపెర్ కొమ్మలు పరిచి, పైన గడ్డి వేసి, దాని మీద వేడినీళ్ళలో నానిన మొలక ధాన్యపు జావ పోస్తే, కొమ్మల సందుల్లోంచి వడకట్టుకుని తీపి రసం కన్నంలోంచి సన్నగా కారుతుంది. ఆ రసంలో ఈస్టు కలిపి, పాల క్యాన్లో పోసి, చల్లటి నేలమాళిగలో వారం పదిరోజులు పులియబెడితే సహ్తి. రసం దిగాక మిగిలిన ధాన్యపు పిప్పి తోయ్మి ఆవుకి. పెళ్ళికైనా, చావుకైనా, గడ్డికోతకైనా హాపలాలో సహ్తి ఉండాలి. నలభై ఏళ్ళపాటు ఊరందరికీ తీసింది సైమాయే.

సైమా కేలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసిపెట్టింది ఇదీ: 'అందులో సహ్తి తీసినంత కాలం దోనె హిల్యాది. తీయకపోతే సూలో మాస్టారి మ్యూజియానిది.' సూలో ఆ ఊరి బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు. ఊరి పాత ధాన్యపుకొట్టులో మ్యూజియం నడుపుతాడు. మంచివాడే. కానీ ఆయన మ్యూజియంలో దోనెకి చోటు గోడ మీద. గోడకి వేలాడాలంటే అడుగున రెండు బోల్టులు దిగాలి. బోల్టు దిగిన దోనెలో ఇక నీళ్ళు నిలవవు.

"ఎప్పుడు రమ్మంటావు హిల్యా?" అని అడిగాట్ట ఆయన, చాలా మర్యాదగా.

"జాక్కో రోజున రండి మాస్టారూ," అందిట హిల్యా. "తాడు తెచ్చుకోండి. అవసరం పడొచ్చు, పడకపోవచ్చు."

జాక్కో రోజంటే జులై ఇరవై అయిదు. ఆ రోజున జాక్కో అనే పునీతుడు చెరువులో చల్లరాయి వేస్తాడనీ, అప్పట్నుంచి నీళ్ళు చల్లబడతాయనీ అక్కడివాళ్ళ మాట. అంటే ఊరు ఒప్పుకునే సహ్తి తీయడానికి ఆమెకి మిగిలింది ఏడు వారాలు.

ఇదంతా ఆమె దారిలో చెప్పింది. కొంత నాకు, కొంత ఆవుకి.

"సహ్తి కుదరట్లేదా?" అన్నాను.

"కుదరడానికేం, కుదురుతోంది. పలచగా కుదురుతోంది," అంది. "ఊరంతా దీనికోసమే బతుకుతున్నట్టుంది. ముప్పై ఏళ్ళు వాళ్ళ పాలు పలచన అన్నదాన్ని కదా, ఇప్పుడు నా సహ్తి పలచన," అంది.

మార్చిలో మొదటిసారి తీసినప్పుడు ఆమె ఒక గ్లాసుడు పట్టుకెళ్ళి ఇంపి పెద్దమ్మకి ఇచ్చింది. ఇంపి పక్క పొలం తోయ్మి తల్లి. ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు సగం పోయింది, నాలుక ఒక్కటే పదునుగా ఉంది. సైమాకి చిన్ననాటి స్నేహితురాలు. గ్లాసు వాసన చూసి, ఒక్క గుక్క తాగి, నోట్లో తిప్పి మింగి అందిట:

"పిల్లా, ఇది సహ్తి కాదు. దోనె కడిగిన నీళ్ళు పొరపాట్న తెచ్చావు. సహ్తి ఇంట్లోనే మర్చిపోయుంటావు, వెళ్ళి తెచ్చుకో."

రెండోసారి హిల్యా బస్తాన్నర ధాన్యం వేద్దామని చూసింది. దోనెలో బస్తా కంటే ఎక్కువ పట్టలేదు. పైదంతా నేల మీదికి పొర్లింది. సంగతి అక్కడే ఆమెకి అర్థమైంది. సైమాకీ అదే దోనె, అదే ఒక్క బస్తా. ఎక్కువ పోయడం కుదరదు, ఉన్న గింజలోంచే ఎక్కువ రప్పించాలి.

నేను చాలా చోట్ల తిరిగాను. నైలు ఒడ్డున రొట్టె నానబెట్టి చిక్కటి పులుపు పానీయం చేసేవాళ్ళని చూశాను. హిమాలయాల్లో చిరుధాన్యాన్ని పులియబెట్టి, వేడినీళ్ళు పోసి, వెదురుపుల్లతో పీల్చేవాళ్ళ పక్కన కూర్చున్నాను. ఎక్కడ చూసినా ఒకటే గొడవ: గింజలో ఉన్నది బోలెడు, గిన్నెలోకి వచ్చేది కొంచెం. మొలకెత్తడమంటే గింజ తన బిడ్డ కోసం వంట మొదలుపెట్టడమే. సరిగ్గా పొయ్యి రాజేసిన వేళకి మనిషి వెళ్ళి దాన్ని ఎండబెట్టి ఆపేస్తాడు. తర్వాత వేడినీళ్ళు పోసి, 'ఇప్పుడు కానీ' అంటాడు. నీళ్ళు చల్లగా ఉంటే ఆ లోపలి వంటమనిషి లేవడు, మరిగే నీళ్ళు పోస్తే చస్తాడు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి ఉంటే, గంటా రెండు గంటల్లో గింజలోని పిండినంతా తీపి చేసిపెడతాడు. దొంగతనమే అనుకోండి, కానీ అయిదువేల ఏళ్ళ నించి ఎవరూ కేసు పెట్టలేదు.

హిల్యాకి ఈ వేడి సంగతి తొందరగానే పట్టుబడింది. కొలిచే మనిషి కదా. సైమా ఏనాడూ ఏదీ కొలవలేదు. మోచెయ్యి ముంచి చూసేది, అంతే. హిల్యా ఆవిరిస్నానపు గదిలోని పెద్ద కాగులో థర్మామీటరు వేలాడదీసింది. మొదట గోరువెచ్చటి నీళ్ళు, గంటకి వేడివి, ఇంకో గంటకి ఇంకా వేడివి. జావ నానే చెక్క తొట్టి చుట్టూ సైమా ఉన్ని దుప్పట్లు చుట్టింది. రసాన్ని ధారగా వదలకుండా చుక్కచుక్కగా దింపింది. పై నుంచి వేడినీళ్ళు గరిటెతో మెల్లగా పోసింది. పాలలో ముంచే గాజు బుడ్డి లాంటిదే ఒకటి, తీపి కొలిచేది, పట్నం నుంచి తెప్పించింది. చక్కెర ఎంత ఎక్కువుంటే బుడ్డి అంత పైకి తేలుతుంది. ఒక్కో మార్పుకీ బుడ్డి వెంట్రుకవాసి పైకి లేచింది, అంతే. ఆమె లెక్క ప్రకారం గింజలో పది పాళ్ళుంటే అయిదున్నర పాళ్ళు రసంలోకి దిగుతోంది.

"మిగతా నాలుగున్నర ఎక్కడికి పోతోంది?" అంది దారిలో. "గాల్లో కలవదు కదా. ఎక్కడో ఉండాలి."

వెనక ఆవు క్యాన్ మూత నాకింది. మేమిద్దరం దాన్ని అదిలించాం.

తోయ్మి దొడ్డి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. యాభై దాటినవాడు, నూనె మరకల టోపీ, తొందరనేదే తెలీని మనిషి. హిల్యా ధాన్యం ఆడించేదీ అతని మరలోనే.

"వచ్చావా పరీక్షలమ్మా. మా మాన్సిక్కి నిన్ను ఎదుర్కొని తెచ్చిందా? నాకు లేని మర్యాద దానికుంది."

"దాని పలుపు తెగింది. గట్టిది కట్టుకో."

"గట్టిదే కట్టా. నువ్వొచ్చే రోజు దానికి ఏనుగు బలం వస్తుంది." పిప్పి క్యాన్లు దించుతూ అన్నాడు: "ఒకటి చెప్పనా? నీ పిప్పి తిన్న వారం రోజులూ పూటకి రెండు లీటర్లు ఎక్కువిస్తోంది. సైమా పిప్పి తిన్న రోజుల్లో మామూలుగా ఇచ్చేంతే ఇచ్చేది. మేత మంచిదైతే ఆవుకి తెలుస్తుందిలే."

హిల్యా క్యాన్ మూత తీసి లోపలికి చూస్తూ నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె చేసిన పనంతా ఇదే: ఆవు పాలు పెరిగితే, ఎందుకు పెరిగాయని తొట్టెలోకి చూడటం. తన తొట్టెలోకి మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు. గ్లవ్ తీసి, పిప్పి పిడికెడు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది.

"తీపి," అంది.

తోయ్మి నాకేసి చూశాడు. నేను కూడా కొంచెం నోట్లో వేసుకున్నాను. నిజంగానే తీపి. మధ్యమధ్యన పళ్ళకింద రాయిలా ఏదో తగులుతోంది. హిల్యా అరచేతిలో ఒక గింజ పెట్టి గోటితో చీల్చింది. పొట్టు లోపల, సగం గింజ తెల్లగా, గట్టిగా, నీళ్ళసలు తాకనట్టు ఉంది.

"తోయ్మీ! ఎంత ముతక మర పట్టావురా ఇది? గింజ రెండు ముక్కలే అయింది!"

"ఎప్పుడూ పట్టినట్టే పట్టా."

"ఇలాగైతే తీపి బయటికెలా వస్తుంది?"

తోయ్మి నెమ్మదిగా టోపీ తీసి, తల గోక్కుని, మరగది తలుపు తెరిచి చూపించాడు. మర పక్కన గోడకి మేకులు కొట్టిన ఒక అట్ట. పిండి పట్టి పసుపుపచ్చగా ఉంది. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు: 'పశువుల దాణా మెత్తగా ఆడించరాదు. కడుపు పులుస్తుంది. గింజ రెండు ముక్కలైతే చాలు.' కింద సంతకం హిల్యాది, ఇరవై రెండేళ్ళ కిందటి తేదీ.

"నువ్వే చెప్పావు," అన్నాడు తోయ్మి. "మా నాన్నని నిలబెట్టి మేకులు కొట్టించావు కూడా. ఆ రోజు నించీ మరరాళ్ళ ఎడం ముట్టుకోలేదు. ఏదోరోజు వచ్చి పరీక్ష చేస్తావని భయం."

అంటే ఇన్నాళ్ళూ ఆమె సహ్తికి అడ్డం పడింది ఆమె మంచి సలహాయే. మనిషి ఇచ్చిన సలహా ఎక్కడికీ పోదు. ఏ గోడకో అతుక్కుని కూర్చుని, మనమే మర్చిపోయాక మన పేరుతోనే ఎదురొస్తుంది.

హిల్యా అట్టని పైనుంచి కిందదాకా చదివింది. "వ్రాత బాగానే ఉంది," అంది. అంతటితో ఆ విషయం వదిలేసింది.

మధ్యవేసవి పండక్కి ముందు నాలుగోసారి తీసింది. మరరాళ్ళు దగ్గరయ్యేలా మేకుని బలంకొద్దీ తిప్పించి ధాన్యాన్ని పొడిలా ఆడించింది. తోయ్మి వద్దన్నట్టు ముక్కు చిట్లించాడు కానీ నోరు తెరవలేదు. పొద్దున ఎనిమిదింటికి జావ దోనెలో పోసింది. బిరడా తీసింది. నాలుగు చుక్కలు పడ్డాయి. అయిదోది వేలాడుతూ ఉండిపోయింది.

పొట్టు ముక్కముక్కలైపోతే కొమ్మల మీద జల్లెడలా పరుచుకునేదేముంటుంది? పిండి అంతా కలిసి బంకలా దోనెకి పట్టేసింది. పన్నెండు అయింది. మూడయింది. కొయ్యగరిటె నిలబెడితే నిలబడింది. ఆ రోజుల్లో అక్కడ రాత్రైనా చీకటి పడదు కాబట్టి ఆ సాకు కూడా లేదు. సాయంత్రం ఆరింటికి తోయ్మి వచ్చి చూసి, దోనె అంచు మీద కూచుని, భుజాలు కదిలేలా నవ్వాడు.

"నవ్వు," అంది హిల్యా. "రొట్టె కాలుస్తా, పట్టుకుపో."

"నాకొద్దు. మాన్సిక్కికి పండగ కానుకగా ఇయ్యి."

"మాస్టారికి ఫోన్ చేస్తా. ఇంక జాక్కో దాకా ఎందుకు, రేపే రమ్మంటా."

ఆమె ఆ మాట అంటున్నప్పుడు గొంతులో కోపం లేదు, అదే నాకు బాధనిపించింది. అప్పుడు, ఆవరణలో కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఇంపి, ఎవరూ అడక్కుండానే మాట్లాడింది. కొడుకు వెంట వచ్చి కూచుందామె. పక్కింట్లో ఎవరైనా తప్పు చేస్తుంటే చూడకుండా ఉండలేదు.

"ఒరే తోయ్మీ, సైమా మరకొచ్చినప్పుడు నువ్వేం చేసేవాడివి?"

"ఏం చేసేవాణ్ణి, ధాన్యం పోసేవాణ్ణి."

"తర్వాత?"

"తర్వాత... కాఫీ పెట్టమనేది. వచ్చినప్పుడల్లా. నేను ఇంట్లోకెళ్ళి కాఫీ కాచి తెచ్చేలోగా ఆమె ధాన్యం ఆడించుకుని బస్తా కట్టేసేది."

"తాగేదా?"

తోయ్మి ఆలోచించాడు. "కప్పు పట్టుకునేది. తాగడం మటుకు... నేను చూళ్ళేదు."

"చూడవు. సైమాకి కాఫీ పడదు. పదహారేళ్ళప్పట్నించీ కడుపులో మంట. జీవితంలో ఒక్క కప్పు కూడా తాగలేదది." ఇంపి దుప్పటి సర్దుకుంది. "ముప్పై ఏళ్ళు నీతో కాఫీ కాయించిందిరా వెర్రినాయనా, నువ్వు గదిలో లేకుండా ఉండటానికి."

"నీకు తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదేం పెద్దమ్మా?" అంది హిల్యా.

"నువ్వు అడిగావా? కొలతబుడ్డినే అడిగావు కానీ నన్నడగలేదు. నలభై ఊళ్ళు తిరిగావు, మనుషుల్ని అడగటం మాత్రం నేర్చుకోలేదు."

హిల్యా అప్పటికప్పుడు పిండి చేతులతోనే తోయ్మి మరగదికి నడిచింది. మేమూ వెంట వెళ్ళాం. మరరాళ్ళ మధ్య ఎడం సరిచేసే ఇనపమేకు మీద పిండి దట్టంగా పేరుకుని ఉంది. ఆమె గౌను అంచుతో రుద్దింది. కింద, దాణాకి ఉండే స్థానం దగ్గర ఒక గాటు. దానికి పావు చుట్టు అవతల, కొట్ల గోడలకి పూసే ఎర్రమట్టి రంగు చుక్క. చిటికెనవేలి గోరంత. సైమా చెయ్యే పెట్టింది. మేకుని అక్కడికి తిప్పి, పని కాగానే తిరిగి దాణా గాటుకి తెచ్చి పెట్టి, చేతిలో చల్లారిన కాఫీ కప్పుతో బయటికొచ్చేసేదన్నమాట.

"పావు చుట్టు," అంది హిల్యా. "అత్తా, పావు చుట్టు కోసమా ఇంత నాటకం!" నవ్విందో ఏడ్చిందో నేను గమనించలేదు. ఆమె మొహం మర వైపు ఉంది.

జులై మొదట్లో అయిదోసారి. తోయ్మి ధాన్యం పోసి, అలవాటుగా, "కాఫీ పెట్టనా?" అన్నాడు.

"పెట్టు," అంది హిల్యా. "కానీ నేను తాగుతాను. నువ్వు ఇక్కడే నిలబడి ఈ చుక్క చూసి తిప్పు."

"అయితే కాఫీ ఎవరు పెడతారు?"

వాళ్ళిద్దరూ నాకేసి చూశారు. పెట్టాను.

ఈసారి మరలోంచి పడ్డది చేతిలోకి తీసుకుంటే చెప్పక్కర్లేకుండా తెలిసింది. పొట్టు పొట్టులాగే తెరుచుకుని ఉంది. లోపలిది మాత్రం ఉప్మారవ్వలా, కొంచెం పిండితో కలిసి, వదులుగా ఉంది. దోనెలో జావ పోసి బిరడా తీసినప్పుడు ముందు మసగ్గా, తర్వాత తేటగా, తేనెరంగు రసం దారంలా కారింది. తెగలేదు. ఆమె తొందరపడలేదు. కాసేపటికో గరిటె లెక్కన, పైన గడ్డి చెదరకుండా వేడినీళ్ళు పోసింది. గాజుబుడ్డి ఇన్నాళ్ళూ ఎక్కని గీత దాకా ఎక్కి నిలబడింది. ఆమె పుస్తకంలో రాసుకుంది: పదికి ఏడున్నర. తర్వాత పుస్తకం మూసి, సైమా చేసినట్టు బొటనవేలూ చూపుడువేలూ రసంలో ముంచి, నొక్కి, విడదీసింది. చిన్న చప్పుడొచ్చింది, ముద్దు పెట్టినట్టు.

ఆ సాయంత్రం పిప్పి తీసుకుని తోయ్మి దొడ్డికి వెళ్ళాం. మాన్సిక్కి యథాప్రకారం సగం దారిలో ఎదురొచ్చింది, పలుపు ముక్కతో సహా. తొట్టెలో పిప్పి పోశాం. అది మూతి పెట్టింది. ఒక నిమిషం ఆగింది. తలెత్తి హిల్యాకేసి చూసింది. మళ్ళీ మూతి పెట్టి వాసన చూసి, ఊపిరి గట్టిగా వదిలి, మొహం పక్కకి తిప్పుకుంది.

హిల్యా తొట్టె అంచు పట్టుకుని నడుం వంచి నవ్వింది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"దానికి ఇష్టంలేదు," అన్నాడు తోయ్మి, కాస్త నొచ్చుకున్నట్టు.

"ఉండదు!" అంది. "ఉండకూడదు!"

హాపలాలో ఎవరూ సహ్తిని పొగడరు. పొగిడితే చెడిపోతుందని కాదు, అంత పెద్ద మాటలు వాళ్ళ దగ్గర లేవు. రెండు చెవుల కొయ్యపాత్రలో నింపి బల్ల చుట్టూ తిప్పుతారు. ఒక్కొక్కరూ తాగి పక్కవాళ్ళకి అందిస్తారు. మొదటి చుట్టు మర్యాద. ఎంత చెడ్డదైనా తాగాల్సిందే. పాత్ర రెండోసారి నింపి తెమ్మని ఎవరైనా అంటే అది తీర్పు. ఎవరూ అనకపోతే ఆ ఇంటావిడ ఇంకేమీ అడక్కుండా పాత్ర కడిగి బోర్లిస్తుంది. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తరు.

జాక్కో రోజున సైమా ఆవరణలో బల్ల వేశారు. కొత్త బంగాళాదుంపలు, ఉప్పుచేప, రై రొట్టె. ఎనిమిదిమంది. సూలో మాస్టారు కారు వెనక ట్రెయిలరు తగిలించుకుని వచ్చాడు. దాన్లో తాడు చుట్ట. ఆయన దాన్ని దుప్పటితో కప్పాడు కానీ కొస బయటికి కనబడుతూనే ఉంది.

హిల్యా పాత్ర తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. ఆయన తాగాడు. మీసం తుడుచుకున్నాడు. పక్కకి అందించాడు. తోయ్మి తాగాడు. పాత్ర చుట్టూ తిరిగి, చివర ఇంపి చేతుల్లోకి వచ్చింది. ఆమె రెండు చెవులూ పట్టుకుని చాలాసేపు తాగింది. కింద పెట్టింది.

ఎవరూ మాట్లాడలేదు. దుంపల మీద ఆవిరి లేస్తోంది. చెరువు మీంచి పడవ మోటారు ఒకటి వినిపించి ఆగింది. హిల్యా బల్ల కొసన నిలబడి ఉంది, చేతులు ఏప్రాన్ కింద. ఇన్ని ఇళ్ళ బల్లల దగ్గర నిలబడింది కదా, పాల సీసా వెలుగుకి ఎత్తి చూస్తున్నప్పుడు ఇంటివాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు. ఇప్పుడు ఆమె మొహం అలా ఉంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. తోయ్మి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఏం పిల్లా," అంది ఇంపి, కళ్ళు మూసుకునే. "ఇంకా ఉందా, లేక మిగిలింది మ్యూజియంలో పోసేశావా?"

బల్ల చుట్టూ కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో రొట్టె కోశారు. హిల్యా పాత్ర తీసుకుని నేలమాళిగకి వెళ్ళింది, నింపుకొచ్చింది. ఈసారి మాస్టారి దగ్గర పాత్ర అవసరమైనదాని కంటే ఎక్కువసేపు ఆగింది. ఆయన లేచి, నడిచి వెళ్ళి, ట్రెయిలరులో తాడు కొసని చుట్ట లోపలికి దోపి, దుప్పటి సరిగ్గా కప్పి వచ్చాడు.

"ఫరవాలేదు," అన్నాడు కూర్చుంటూ.

అది ఆ ప్రాంతంలో నేను విన్న అతి పెద్ద పొగడ్త. తోయ్మి దగ్గాడు. ఇంకొకరెవరో, "ఆగస్టులో మా పిల్ల పెళ్ళి," అని బల్లకి చెప్పినట్టు చెప్పారు. మాటలు మొదలయ్యాయి. అన్నీ ఒకేసారి మొదలయ్యాయి: సైమా సంగతులు, పోయిన ఏడు గడ్డికోత, ఎవరి ఆవుకి ఏ జబ్బు. హిల్యా కూర్చుని ఉండగానే మొదలయ్యాయి. ఇంపి ఆమె మోచెయ్యి పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. ఆమె "చాల్లే పెద్దమ్మా" అంది.

మూడో పాత్ర తిరుగుతున్నప్పుడు నేను తలెత్తి చూస్తే ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. లోపలికి వెళ్ళుంటుంది అనుకున్నాం. అప్పుడు కంకర మీద చక్రం చప్పుడు వినిపించింది. హిల్యా చేతిబండిలో ఒక బస్తా ధాన్యం వేసుకుని, ఏప్రాన్ కూడా విప్పకుండా, గేటు దాటి మర వైపు పోతోంది. ఎవరికీ చెప్పలేదు, వెనక్కీ చూడలేదు.

"మర తాళం నా దగ్గరుంది," అన్నాడు తోయ్మి, జేబు తడుముకుంటూ. తడిమి, "లేదు," అన్నాడు.

కంచె అవతల మాన్సిక్కి గడ్డి మేస్తోంది. బండి పక్కనించి వెళుతుంటే తలెత్తి చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది.